కత్తి కాంతారావు అంటే అల్లరి నరేష్ కాదు, మన గుడిబండ ఆయన!

 

ముందు ఒక చిన్న ప్రశ్న. 'కత్తి కాంతారావు' అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? మీలో చాలామందికి అల్లరి నరేష్ గుర్తొస్తాడని నాకు తెలుసు. 2010లో ఈవీవీ సత్యనారాయణ గారు తీసిన కామెడీ సినిమా. అది వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. తర్వాత ఒకరోజు టీవీలో ఆ సినిమా వేస్తే ఇంట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. మా తాత టైటిల్ చూసి ఒకటే గొణుగుడు. "ఈ పోరడు కాంతారావేందిరా? కాంతారావంటే మన కోదాడ కాడి గుడిబండాయన. గాయన కత్తి దూస్తే టెంట్ల ఈలలే ఈలలు" అన్నాడు.

మేం నవ్వుకున్నాం. ప్రతి తాతకీ పక్క ఊళ్ళో ఒక పెద్ద మనిషి ఉంటాడు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాం.

కట్ చేస్తే, 2025 జూన్. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఇచ్చింది. అందులో విజయ్ దేవరకొండకి వచ్చిన ప్రత్యేక అవార్డు పేరు 'కాంతారావు ఫిల్మ్ అవార్డు'. మా బీటెక్ వాట్సాప్ గ్రూపులో ఆ క్లిప్ ఎవరో పెట్టారు. కింద మొదటి మెసేజ్ ఏంటో తెలుసా? "ఈ కాంతారావు ఎవర్రా?" ఆ గ్రూపులో మేం పద్నాలుగు మందిమి, అందరం నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు వాళ్ళమే. ఒక్కరూ సమాధానం రాయలేదు. నేనూ రాయలేదు. నాకు తాత చెప్పిన ఒక్క లైన్ తప్ప ఏమీ తెలియదు మరి.

ఆ రోజు కొంచెం సిగ్గనిపించింది. అందుకే ఈ ఎపిసోడ్. ఇంకో కారణం కూడా ఉంది, అది నా సొంత విషయం. చివర్లో చెప్తా, అప్పటిదాకా ఉండండి.

సరే, మొదలుపెడదాం.

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేట దాటాక కోదాడ వస్తుంది. అది దాటితే కాసేపట్లో ఆంధ్ర బోర్డర్. ఆ కోదాడ పక్కనే గుడిబండ. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్గొండ జిల్లా. మనల్ని ఇన్నేళ్ళు నవ్వించిన వేణుమాధవ్ గారిది కూడా ఈ కోదాడే. ఆయన మిమిక్రీ స్టేజీ మీద నుంచి సినిమాల్లోకి వచ్చాడు. ఆయన కంటే దాదాపు యాభై ఏళ్ళ ముందే అదే నేల నుంచి, అలాగే స్టేజీ మీద నుంచే వెళ్ళినాయన మన కాంతారావు.

పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీ కాంతారావు. పుట్టింది 1923 నవంబర్ 16. ఆ టైమ్‌ని ఒకసారి ఊహించుకోండి. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉంది. పై చదువులు ఉర్దూలో, కచేరీ పనులు ఉర్దూలో. తెలుగు ఎక్కడుందంటే ఇంట్లో, పొలంలో, గుళ్ళో భజనల్లో, ఇంకా నాటకాల్లో. తెలుగు సినిమా అయితే ఎక్కడో మద్రాసులో ఉంది. అప్పటికి అది వేరే రాజ్యం కిందే లెక్క. గుడిబండ కుర్రాడికి మద్రాసు అంటే, ఇప్పుడు మనకి అమెరికా వీసా ఎంత దూరమో అంత దూరం.

ఆయన నటన నేర్చుకుంది నాటకాల్లోనే. ఈ 'పద్య నాటకం' అంటే ఏంటో మన జనరేషన్‌కి సరిగ్గా తెలియదు కాబట్టి ఒక్క నిమిషం చెప్తా. ఊళ్ళో రాత్రి భోజనాలయ్యాక మొదలవుతుంది. పక్కన హార్మోనియం. ముందు చాపల మీద జనం, వెనకాల చెట్టు కింద నిలబడ్డ జనం. పాత్రధారి పద్యం ఎత్తుకుంటే చివరి మనిషికి కూడా మాట మాట వినపడాలి. మైకు లేని రోజుల్లో గొంతే మైకు. రీటేక్ లేదు, ఎడిటింగ్ లేదు. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని మళ్ళీ పాడిస్తారు. బాలేకపోతే లేచి వెళ్ళిపోతారు. మనం రీల్స్‌లో స్క్రోల్ చేస్తాం చూడండి, అప్పట్లో అది ముఖం మీదే జరిగేది.

ఆ స్టేజీ నుంచి ఆయన మద్రాసు వెళ్ళాడు. అక్కడ అవకాశం ఇచ్చింది ఎవరో తెలుసా? హెచ్.ఎం. రెడ్డి. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది కదా, అది తీసినాయన. 1951లో ఆయన 'నిర్దోషి'లో కాంతారావు గారికి ఒక చిన్న వేషం దొరికింది. రెండేళ్ళకి, 1953లో, అదే సంస్థ 'ప్రతిజ్ఞ' తీసి ఆయన్ని హీరోని చేసింది. అప్పటికి ఇంకా తెలంగాణ, ఆంధ్ర కలవలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో. అంటే రాష్ట్రం కంటే ముందే ఆయన బోర్డర్ దాటి హీరో అయిపోయాడు.

'ప్రతిజ్ఞ'లో ఇంకో విశేషం ఉంది. విలన్‌గా రాజనాల గారికి కూడా అదే మొదటి సినిమా. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వీళ్ళిద్దరూ ఎన్ని కోట మెట్ల మీద, ఎన్ని గుహల్లో కత్తులు దూసుకున్నారో లెక్కలేదు. మా తాత చెప్పిన ఈలలు ఆ సీన్లకే. తెర మీద రాజనాల మీసం తిప్పితే టెంట్లో తిట్లు, కాంతారావు ఒర నుంచి కత్తి లాగితే ఈలలు.

ఇప్పుడు 'జానపదం' గురించి చెప్పాలి. పేరు వింటే జానపద గీతాలు అనుకుంటారు, అది కాదు. జానపద సినిమా అంటే రాజకుమారుడు, రాజకుమారి, మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం. మీరు ఆడే గేమ్స్‌లో లెవెల్స్ ఉంటాయి కదా, అచ్చం అలాగే. హీరో ఒక గండం దాటితే ఇంకో గండం. ఈ సినిమాలకి కింగ్ బి. విఠలాచార్య. ఉడుపి వైపు నుంచి వచ్చి తెలుగులో 'జానపద బ్రహ్మ' అనిపించుకున్నాడు. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, వేసిన సెట్టే మళ్ళీ వేరే రంగుతో. ఆయన గురించి ఇండస్ట్రీలో ఒక జోక్ తిరుగుతుంది. యాక్టర్ డేట్స్ ఇవ్వకుండా సతాయిస్తే, కథలో ఆ పాత్రకి శాపం పెట్టించి చిలకనో మేకనో చేసేసి షూటింగ్ కానిచ్చేసేవాడట!

అలాంటి డైరెక్టర్ దగ్గర మళ్ళీ మళ్ళీ హీరోగా చేశాడంటే కాంతారావు టైమ్‌కి ఎలా వచ్చి ఉంటాడో మీరే ఆలోచించండి. 1959లో 'జయ విజయ', 1964లో 'నవగ్రహ పూజా మహిమ', 1965లో 'జ్వాలాద్వీప రహస్యం'. గ్రాఫిక్స్ లేవు, గ్రీన్ మ్యాట్ లేదు. ఎదురుగా ఏమీ లేకపోయినా అక్కడ రాక్షసుడు ఉన్నట్టు చూడాలి. నాటకాల్లో ఖాళీ స్టేజీ మీద అడవిని చూపించిన అలవాటు ఇక్కడ పనికొచ్చిందని నా అభిప్రాయం.

సరే, ఇదంతా ఒక ఎత్తు. నన్ను నిజంగా ఆపేసింది ఒక్క సంవత్సరం, 1963. ఆ ఏడాది ఆయన చేసినవాటిలో నాలుగు సినిమాలు పక్కపక్కన పెట్టి చూశా.

ఒకటి, కె.వి. రెడ్డి గారి 'శ్రీకృష్ణార్జున యుద్ధము'. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అర్జునుడు. ఇద్దరు పెద్ద హీరోలు కొట్టుకునే సినిమా. మధ్యలో పుల్లలు పెట్టే నారదుడు కాంతారావు. నారదుడు గొంతు పెంచడు, నవ్వుతూ అంటిస్తాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1961లో, ఎన్టీఆర్ మొదటిసారి డైరెక్ట్ చేసిన 'సీతారామ కల్యాణం'లో కూడా నారదుడు ఈయనే. తర్వాత 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లోనూ ఈయనే.

రెండు, 'లవకుశ'. మన మొదటి పూర్తి నిడివి రంగుల సినిమా. మధ్యలో ఆగి, మళ్ళీ మొదలై, దాదాపు ఐదేళ్ళు తీశారు. ఎన్టీఆర్ రాముడు, అంజలీదేవి సీత. కాంతారావు లక్ష్మణుడు.

మూడు, 'నర్తనశాల'. ఎన్టీఆర్ బృహన్నల, ఎస్వీ రంగారావు కీచకుడు. కృష్ణుడు ఎవరు? కాంతారావు. ఇది ఎంత కష్టమో ఆలోచించండి. 1957లో 'మాయాబజార్' వచ్చాక తెలుగువాళ్ళకి కృష్ణుడంటే ఎన్టీఆరే. ఆ ఎన్టీఆర్ అదే సినిమాలో ఉండగా, కిరీటం పెట్టుకుని, నెమలి పింఛం పెట్టుకుని, "నేనే కృష్ణుణ్ణి" అని నిలబడాలి. జనం ఒప్పుకున్నారు. ఎంతగా అంటే, 1965లో 'పాండవ వనవాసం'లో కూడా ఈయనే కృష్ణుడు.

నాలుగు, విఠలాచార్య 'గురువును మించిన శిష్యుడు'. ఇందులో ఈయనే హీరో.

ఒకే ఏడాదిలో దేవర్షి, తమ్ముడు, దేవుడు, జానపద హీరో. ఈ నాలుగింటిలో ఒకదాని నడక ఇంకోదానికి ఉండదు. కావాలంటే ఫోన్‌లో సౌండ్ తీసేసి చూడండి, నేను అలాగే చూశా. నారదుడి నడక తేలిగ్గా, పాదం నేల మీద ఆననట్టు ఉంటుంది. లక్ష్మణుడి నడకలో బరువుంటుంది.

ఆ 'లవకుశ' దగ్గర ఇంకొంచెంసేపు ఉందాం. కథ మీకు తెలుసు. జనం మాట విని రాముడు సీతను అడవిలో వదిలేయమంటాడు. ఎవరికి చెప్తాడు? లక్ష్మణుడికి. ఆమె గర్భవతి. మునుల ఆశ్రమాలు చూడటానికి వెళ్తున్నామని సంతోషంగా రథం ఎక్కుతుంది. పక్కన ఉన్న లక్ష్మణుడికి నిజం తెలుసు, చెప్పలేడు. అన్న మాట కాదనలేడు, వదిన ముఖం చూడలేడు. ఇది రాముడి సీన్ కాదు, సీత సీన్ అంటాం మనం. కానీ ఆ దారి పొడుగునా నిజం మోసేది లక్ష్మణుడొక్కడే. మా నానమ్మ ఈ సినిమా వస్తే ఆ భాగం అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. "సీతమ్మ ఏడుపు సూడొచ్చు గానీ ఆ మరిది మొఖం సూడలేను బిడ్డా" అనేది. ఇంతకంటే పెద్ద రివ్యూ నేను చదవలేదు.

ఇక్కడే నాకు ఒక విషయం తట్టింది. మనం ఎప్పుడూ ఒకటే అడుగుతాం: నంబర్ వన్ ఎవరు? ఎన్టీఆరా, ఏఎన్నారా? ఆ లిస్టులో కాంతారావు పేరు మూడో వరసలోనో నాలుగో వరసలోనో వస్తుంది. 1955లో 'జయసింహ'లో ఎన్టీఆర్‌కి తమ్ముడు. 1967లో 'కంచుకోట', 'చిక్కడు దొరకడు'. రెండింట్లోనూ ఎన్టీఆర్ పక్కన. సొంతంగా హీరోగా ఆడే మనిషి, ఇంకొకరి సినిమాలో పక్కన నిలబడటానికి కూడా ఒప్పుకున్నాడు. ఆ పక్కన నిలబడే పని సరిగ్గా చేసేవాడు లేకపోతే నంబర్ వన్ కూడా తేలిపోతాడు. నారదుడు సరిగ్గా అంటించకపోతే కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం ఎక్కడిది?

ఇంకో పాయింట్. తెలంగాణ మనిషి, మద్రాసులో ఆ రోజుల్లో ఎలా నెగ్గుకొచ్చాడు? ఆయన అక్కడ ఎవరితో ఏం పడ్డాడో నేను కల్పించి చెప్పను. కానీ సినిమాలు చూస్తే నాకు ఒకటి అర్థమైంది. పౌరాణికాల్లో, జానపదాల్లో మాట్లాడే భాష ఏ జిల్లాదీ కాదు. "ఏమంటివి? ఎవరక్కడ?" ఈ భాష గుంటూరు వీధిలోనూ లేదు, నల్గొండ వీధిలోనూ లేదు. అది నాటకాల భాష. దాన్ని సాధన చేసినవాడిదే అది. సోషల్ సినిమాలో అయితే "ఏడబోయినవ్" అంటే అప్పట్లో కమెడియన్‌కో రౌడీకో ఇచ్చే యాస అయిపోయేది. కిరీటం కింద ఆ గొడవే లేదు. నాటకంలో పట్టిన భాష ఆయనకి పాస్‌పోర్ట్ లాగా పనిచేసింది అనుకుంటా.

మరి ఆ కిరీటం పోతే?

అదే జరిగింది. 1970ల్లోకి వచ్చేసరికి జనానికి టేస్ట్ మారింది. 1971లో కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. గుర్రం అలాగే ఉంది, హీరో చేతిలో కత్తి పోయి తుపాకీ వచ్చింది. రంగుల సోషల్ సినిమాలు పెరిగాయి. పూజా మహిమలు, ద్వీప రహస్యాలు తగ్గిపోయాయి. కాంతారావు గారికి అప్పటికి యాభై దగ్గర పడుతోంది. ఇరవై ఏళ్ళు పట్టిన కత్తికి పని లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది. నువ్వు ఎక్స్‌పర్ట్ అయిన టెక్నాలజీని ఒకరోజు ప్రపంచం వాడటం మానేస్తుంది. నీ తప్పేం ఉండదు. నీ పని కూడా బాగానే ఉంటుంది. అడిగేవాళ్ళే ఉండరు.

ఆయన క్యారెక్టర్ వేషాలకి మారాడు. మానలేదు. తండ్రి, జమీందారు, జడ్జి, తర్వాత టీవీ సీరియల్స్ కూడా. మొత్తం నాలుగు వందలకు పైగా సినిమాలు అంటారు.

కానీ దెబ్బ వేరే చోట తగిలింది. ఆయన నిర్మాత అయ్యాడు. 1969లో 'సప్తస్వరాలు', 1971లో 'ప్రేమజీవులు', ఇంకా కొన్ని. సొంత డబ్బు పెట్టాడు. నష్టపోయాడు. ఊళ్ళో ఆస్తి ఉన్న కుటుంబం ఆయనది. సినిమాల కోసం భూములు అమ్ముకున్నాడు. కత్తితో రాక్షసుల్ని నరికిన హీరో అప్పుల దగ్గర ఓడిపోయాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది, గౌరవం దక్కింది. చివరి ఏళ్ళు మాత్రం డబ్బు ఇబ్బందుల్లోనే గడిచాయి. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఆత్మకథకి ఆయన పెట్టుకున్న పేరు ఏంటో తెలుసా? 'అనగనగా ఒక రాకుమారుడు'. ఆ పేరు చూసి కాసేపు అలాగే ఉండిపోయా.

ఇప్పుడు నా సొంత విషయం చెప్తా.

నేను ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. ఈ ఛానెల్ మీకు ఇష్టమే, నాకు తెలుసు. కానీ ప్రతి నెలా ఒకటో తారీఖు నాకు ఇంకా భయమే, ఎందుకంటే ఆ రోజు పడే జీతం ఇప్పుడు పడదు. ఈ మధ్య నాకు ఒక ఆలోచన వచ్చింది. సొంత స్టూడియో పెడదాం, మంచి కెమెరాలు కొందాం, ఇద్దరు ఎడిటర్లను పెట్టుకుందాం. డబ్బెక్కడిది? ఊళ్ళో నాన్న పేరు మీద మూడెకరాలు ఉంది. బోరు పడ్డ ఎకరం రోడ్డు పక్కనే. అది అమ్మితే అయిపోతుంది. అడగడానికే దసరాకి ఇంటికి వెళ్ళా. బస్సులో ఈ ఎపిసోడ్ కోసమే నోట్స్ రాసుకుంటూ వెళ్ళా.

భూములు అమ్మిన భాగం రాస్తుంటే నా చెయ్యి ఆగింది.

ఇంటికెళ్ళాక నాన్న అడిగాడు, "ఏందిరా, ఏదో మాట్లాడాలన్నవ్?" నేను "ఏం లేదు నాయినా, కాంతారావు గురించి చేస్తున్నా" అన్నా. ఆయన వెంటనే, "ఆయనా? మీ తాత నన్ను భుజమ్మీద ఎక్కించుకొని తీస్కపోయిండు 'లవకుశ'కు" అన్నాడు. చాలా రోజుల తర్వాత మేం ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. ఎకరం మాట రాలేదు.

నేను ఆయన్ని తప్పుపట్టట్లేదు, దయచేసి అలా తీసుకోకండి. సినిమా మీద ప్రేమ లేకపోతే ఎవరూ సినిమాలో భూమి పోయరు. నేను నేర్చుకుంది ఏంటంటే, ఆయన జీవితంలో నిలబడింది ఆయన చేతిలో ఉన్న విద్య. గొంతు, నడక, చూపు. 1963 నాటి ఆ నాలుగు వేషాలు అరవై ఏళ్ళ తర్వాత ఒక ఫోన్‌లో నన్ను ఆపేశాయి. ఆయన పెట్టుబడి పెట్టిన సినిమాల పేర్లు నేను వెతుక్కోవాల్సి వచ్చింది. కాబట్టి ఉన్న కెమెరాతోనే ఇంకొన్నాళ్ళు పని నేర్చుకుందామని డిసైడ్ అయ్యా. రేపు మనసు మారుతుందేమో తెలియదు. ఈ రోజుకైతే ఇదే.

చివరిగా మళ్ళీ ఆ అవార్డు దగ్గరికి వద్దాం. విజయ్ దేవరకొండ వాళ్ళది అచ్చంపేట దగ్గర తుమ్మన్‌పేట, పాత మహబూబ్‌నగర్ జిల్లా. ఆయనా సినిమాల కంటే ముందు హైదరాబాద్‌లో నాటకాలు వేసినవాడే. 2016లో 'పెళ్ళి చూపులు', 2017లో 'అర్జున్ రెడ్డి'. కాంతారావు కిరీటం కింద దాచుకోవాల్సి వచ్చిన యాసని ఈయన హీరోగా ఓపెన్‌గా మాట్లాడితే థియేటర్లు ఊగిపోయాయి. నల్గొండ ఆయన పేరు మీద అవార్డు పాలమూరు కుర్రాడి చేతికి వచ్చింది. మధ్యలో ఎన్ని ఏళ్ళు పట్టిందో చూశారా?

ఆ రోజు మా గ్రూపులో సమాధానం రాని మెసేజ్ ఉంది కదా, "ఈ కాంతారావు ఎవర్రా?" అని. ఈ ఎపిసోడ్ లింక్ దాని కిందే పెడుతున్నా. మీ ఇంట్లో తాతో నానమ్మో ఉంటే ఫోన్ తీసుకెళ్ళి 'లవకుశ'లో రథం సీన్ పెట్టండి. సినిమా చూడకండి, వాళ్ళ ముఖాలు చూడండి. నాకైతే ఆ ఛాన్స్ లేదు. మా తాత పోయి నాలుగేళ్ళయింది. ఆ రోజు టీవీ ముందు నవ్వకుండా, "గుడిబండాయన ఎవరు తాతా, చెప్పు" అని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

సరే, వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త. బై!